కంప్యూటర్ బిగించడం బ్రహ్మవిద్య కాదు



మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాళ్ళం మేము. పీజీలో మిత్రులతో కలిసి డెస్క్‌టాప్‌లు బిగించడం నేర్చుకున్నాము. స్టార్ స్క్రూడ్రైవర్, మంచి వెలుతురు, ఓపిక ఉంటే చాలు. కూలి డబ్బులు కూడబెట్టి కొనే వస్తువులు కనుక తొందర మాత్రం పనికిరాదు. ప్రాసెసర్ ఆ మదర్‌బోర్డుకు సరిపోతుందో లేదో కొనేముందే అడగాలి.

మొదట మన ప్రాణం

మనకు వచ్చేది 230 వోల్టుల కరెంటు. పని పూర్తయ్యేదాకా ప్లగ్గు పెట్టకూడదు. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల సాకెట్టే వాడాలి. ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను ఎప్పుడూ విప్పరాదు. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచే ఉంటుంది. పాత రకానికి వెనుక 115/230 స్విచ్ ఉంటే 230 వైపే ఉంచాలి.

తర్వాత వస్తువుల ప్రాణం

మన ఒంట్లో చేరే స్థిర విద్యుత్తు మనకు చురుక్కుమనకపోయినా చిప్‌లను పాడుచేయగలదు. అందుకే క్యాబినెట్‌లో రంగు లేని ఇనుమును తరచూ తాకుతుండాలి. బోర్డులను అంచులతోనే పట్టుకోవాలి.

బిగించే వరుస

1. మదర్‌బోర్డును దాని అట్టపెట్టె మీద పెట్టండి. ప్రాసెసర్ మూలనున్న త్రికోణాన్ని సాకెట్ గుర్తుతో కలిపి మెల్లగా వదలండి, నొక్కవద్దు. తర్వాత లీవర్ వేయండి. ఇంటెల్ రకంలో లీవర్ కాస్త బిగువుగా పడుతుంది, భయం లేదు.

2. కూలర్‌కు ముందే పేస్టు లేకపోతే ప్రాసెసర్ నడుమ బఠాణీ గింజంత పెట్టండి. కూలర్ బిగించి, ఫ్యాను వైరును 'సీపీయూ ఫ్యాన్' అని రాసిన చోట తగిలించండి.

3. ర్యామ్ కోతను స్లాట్ గాడితో కలిపి, టక్‌మనేదాకా నొక్కండి.

4. క్యాబినెట్‌లోని స్టాండాఫ్‌లు బోర్డు రంధ్రాల కిందే ఉండాలి. అదనంగా ఒకటున్నా షార్టు కావచ్చు.

5. డిస్కు బిగించండి. బోర్డుకు 24 పిన్నుల వైరు, ప్రాసెసర్ పక్కన 4 లేదా 8 పిన్నుల వైరు పెట్టండి. ఈ రెండోది మరిస్తే ఫ్యాన్లు తిరిగినా బొమ్మ రాదు.

లోపల స్క్రూ ఏదైనా పడి ఉందేమో చూసి అప్పుడే స్విచ్ వేయండి. బొమ్మ రాకపోతే కంగారుపడకండి. ప్లగ్గు తీసి, ర్యామ్, వైర్లు మళ్ళీ సరిచూడండి.

'ముట్టుకోకు, పాడైపోతుంది' అనే మాట మనం చాలా చోట్ల విన్నాం. మీరు నేర్చుకున్నాక మీ జూనియర్‌తో ఆ మాట అనకండి. స్క్రూడ్రైవర్ చేతికిచ్చి, 'ఇలా పట్టుకో' అని చూపించండి.