గాజు తొట్టిలో రూప్‌చంద్: తోటి చేపల రెక్కలు జాగ్రత్త!

కొల్లేరు చుట్టుపక్కల రైతులకు రూప్‌చంద్‌ను కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. బొచ్చె, శీలావతితో పాటు దీన్నీ చెరువుల్లో పెంచుతున్నారు. అయితే ఇదే చేప అక్వేరియం షాపుల్లో ‘పాకు’ అనో, కొన్నిచోట్ల ‘పిరాన్హా’ అనో పేరు మార్చుకుని కనబడుతుంది. రెండంగుళాల పిల్ల, వెండి ఒళ్లు, ఎర్రటి పొట్ట. చూడముచ్చటగా ఉందని ఇంట్లో పిల్లలు కొనమంటారు. చెరువున్న రైతయితే సీడు వదిలేటప్పుడు నాలుగు పిల్లల్ని బకెట్లో వేసుకుని తెచ్చేస్తాడు. ఊరకే వచ్చింది కదా అని పెరటి తొట్టిలో, గాజు తొట్టిలో వేసేముందు దీని సంగతి కాస్త తెలుసుకోండి.

దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్, ఒరినాకో నదులు. వరదల కాలంలో అక్కడ నీళ్లు అడవుల్లోకి పొంగుతాయి. చెట్ల నుంచి రాలిన పండ్లు, గింజలు తిని ఈ చేప బలుస్తుంది. గట్టి గింజల్ని నలగ్గొట్టాలి కాబట్టి దీని పళ్లు మన దవడ పళ్లలా బల్లపరుపుగా ఉంటాయి. పిరాన్హా దీనికి చుట్టమే గానీ దాని పళ్లు రంపంలా మూడు మూలలతో వాడిగా ఉంటాయి. పిరాన్హా అని చెప్పి ఎక్కువ ధర అడిగితే పళ్లు చూపించమనండి. మీరు మాత్రం నోట్లో వేలు పెట్టి చూడొద్దు, రూప్‌చంద్ కొరికినా గాయమవుతుంది.

రెక్కల మీదే దీని కన్ను

గోల్డ్, ఏంజెల్, ఫైటర్, గురామీ... ఇలా పొడుగు రెక్కలు, వేలాడే తీగలు ఉన్న చేపల్ని దీనితో కలపకూడదు. ఆకలైనా, చోటు ఇరుకైనా పక్క చేప తోకను కొరుకుతుంది. గప్పీల వంటి చిన్నవాటినైతే మింగేస్తుంది. పెరట్లో సిమెంటు తొట్లు కట్టి గోల్డ్, మోలీ పిల్లల్ని షాపులకు అమ్ముకునేవారు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. తోక చిరిగిన చేపను షాపువాడు తీసుకోడు. నెలల తరబడి మేత పెట్టిన కష్టం నాలుగు రూప్‌చంద్ పిల్లల పాలవుతుంది.

రెక్కలు చిరిగిన చేప కనబడితే వెంటనే వేరే తొట్టిలోకి మార్చండి. లీటరు నీటికి ఒకటి, రెండు గ్రాముల కల్లుప్పు కరిగించి శుభ్రమైన నీళ్లలో ఉంచండి. గాయం మీద దూదిలాంటి తెల్లటి బూజు వస్తే రోజూ కొంత నీరు మార్చాలి. రెక్క మొదలు దెబ్బతినకపోతే మళ్లీ మొలుస్తుంది.

తొట్టి ఎంత ఉండాలి?

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న గాజు తొట్టిలో పట్టేది సుమారు 56 లీటర్లు. చెరువులో ఏడాది తిరక్కుండానే కిలో తూగే చేప ఇది. ముదిరితే రెండడుగులు దాటుతుంది, 15 ఏళ్లకు పైగా బతుకుతుంది. మరి ఆ తొట్టిలో అది వెనక్కి తిరగను కూడా తిరగలేదు. బెదిరితే గాజుకు గుద్దుకుని మూతి పగలగొట్టుకుంటుంది. నిజంగా పెంచాలంటే వేల లీటర్ల సిమెంటు తొట్టి, మంచి ఫిల్టరు, ఆగకుండా గాలి కావాలి. చిన్న రైతుకు ఇది గిట్టుబాటయ్యే సరదా కాదని నా అభిప్రాయం.

అయినా పెంచుతామంటే దాన్ని విడిగానే పెంచండి. కుళాయి నీళ్లయితే ఒకరోజు నిలవబెట్టి క్లోరిన్ పోయాక పోయండి. కొత్త తొట్టిలో మలినాన్ని విరిచే మేలుచేసే సూక్ష్మజీవులు తయారవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఈలోగా ఎక్కువ మేత వేస్తే అమ్మోనియా పెరిగి చేప చస్తుంది. ఆ తర్వాత వారానికి పావు వంతు నీరు మార్చండి. తీసిన నీళ్లు, ఉప్పు కలపనివైతే, కూరమడికి భేషుగ్గా పనికొస్తాయి. తేలే మేతతో పాటు తోటకూర, జామ ముక్క, అరటిపండు వేయొచ్చు. తొట్టిలో మొక్కలు పెడితే మిగలవు. చలికి ఇది తట్టుకోదు. నీటి వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండేలా చూడండి.

పెరిగాక ఏం చేయాలి?

కాలవలో, ఊరి చెరువులో మాత్రం వదలొద్దు. దెయ్యం చేప అని మనవాళ్లు తిట్టుకునే సక్కర్ చేపదీ దక్షిణ అమెరికానే. అక్వేరియం చేపగానే మన దేశానికి వచ్చింది. ఇవాళ మన కాలవల్లో, చెరువుల్లో ముళ్లతో వలలు చింపుతోంది. తొట్టి చేపను తిరిగి పెంపకం చెరువులో వేసినా దాని రోగాలు మిగతా చేపలకు అంటుతాయి. పెద్ద తొట్టి ఉన్నవారికి ఇచ్చేయండి. లేదంటే ఎలాగూ తినే చేపే కాబట్టి కూరకు వాడుకోండి. అయితే తొట్టిలో మలకైట్ గ్రీన్ లాంటి రంగు మందులు ఎప్పుడైనా వేసి ఉంటే ఆ చేపను తినకూడదు, కోళ్లకూ వేయకూడదు, గొయ్యి తీసి పూడ్చాలి.