నడిసముద్రంలో మరుగుదొడ్డి మరమ్మతు

వ్యవసాయపు బావి మీద మోటారు వేయగానే ఒక్కోసారి అది గుర్రుమని తిరుగుతుంది గాని నీళ్ళు మాత్రం రావు. ఖమ్మం నుంచి విజయవాడ పోయే రైలు దారిలో ఉన్న ఎర్రుపాలెం దగ్గర, మా పెదనాన్నగారి బావి మీద ఇది తరచుగా జరిగేది. "బిందె పట్రారా" అనేవారు పెదనాన్న. పంపు నెత్తిన ఉన్న బిరడా విప్పి నేను నీళ్ళు పోస్తూ ఉంటే అవి గడగడా దిగిపోయేవే గాని గొట్టం నిండేది కాదు. అప్పుడాయన కాస్త పేడ కలిపిన నీళ్ళు పోయించేవారు. కాసేపటికి గొట్టం నిండేది, మోటారు నీళ్ళు లాగేది.

ఇందులో మంత్రమేమీ లేదు. గొట్టం అడుగున, బావి నీళ్ళలో మునిగి, ఫుట్ వాల్వు అనే చిన్న తలుపు ఉంటుంది. నీరు పైకి వస్తుంటే అది తెరచుకుంటుంది. కిందికి జారబోతే మూసుకుంటుంది. దాని అంచున ఇసుక రేణువో పుల్లో ఇరుక్కుంటే పూర్తిగా మూసుకోదు. పేడలోని పీచు ఆ సందును కప్పేది.

బావి దగ్గర ఈ తలుపు సరిగా మూసుకోకపోతే పొలానికి ఒక పూట నీళ్ళు ఆలస్యమవుతాయి, అంతే. ఇలాంటి తలుపే తెరచాప పడవ మరుగుదొడ్డిలోనూ ఉంటుంది. అక్కడ అది మూసుకోకపోతే పడవే మునిగిపోవచ్చు!

పడవలో ప్లంబరు ఎవరు?

2017 సెప్టెంబరు 10న గోవా నుంచి 'తారిణి' అనే తెరచాప పడవ భూప్రదక్షిణకు బయలుదేరింది. దాని పొడవు సుమారు 17 మీటర్లు. అందులో ఉన్నవారు మన నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు. నాయకురాలు వర్తికా జోషి. మిగిలిన అయిదుగురిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య మన తెలుగువారు. వారు 254 రోజుల తరువాత, 2018 మే 21న, తిరిగి గోవా చేరారు. మొదటి మజిలీ అయిన ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ రేవుకు చేరడానికే 43 రోజులు పట్టింది. చివరి దశలో చుక్కాని యంత్రాంగంలో లోపం కనిపించడంతో అనుకోకుండా మారిషస్‌లోని పోర్ట్ లూయీ రేవులో ఆగవలసి వచ్చింది.

ఆ 43 రోజులలో పడవలో ఏ గొట్టం కారినా, ఏ మర ఊడినా కబురు పెట్టడానికి ఎవరున్నారు? వంటవారు, ఎలక్ట్రీషియను, ప్లంబరు అన్నీ ఆ ఆరుగురే. దూరప్రయాణం చేసే ఏ తెరచాప పడవలోనైనా ఇదే పరిస్థితి. అందుకే అలాంటి ప్రయాణానికి ముందు గాలివాటం చూసి తెరచాప తిప్పడం నేర్చుకున్నట్టే, మరుగుదొడ్డి పంపు విప్పి బిగించడమూ నేర్చుకోవాలి.

నావికులు పడవ మరుగుదొడ్డిని 'హెడ్' అంటారు, అంటే తల. పాతకాలపు ఓడలలో గాలి ఎక్కువగా వెనుకవైపు నుంచే వీచేది. కనుక వాసన ముందుకు కొట్టుకుపోవాలని ఓడ ముక్కు దగ్గరే ఆ ఏర్పాటు ఉండేది. ఇప్పుడది పడవ లోపలికి వచ్చింది గాని పేరు మారలేదు.

బోరింగును పోలిన పంపు

మీ వీధిలో చేతి బోరింగు ఉంటే దానిని గుర్తు తెచ్చుకోండి. పడవ మరుగుదొడ్డి పక్కన ఉండే చేతి పంపు దానికి చిన్న తమ్ముడు. గొట్టంలో పైకీ కిందికీ కదిలే ముషలకం, దానికి బిగువైన వాషరు, నీటిని ఒకే దిక్కుకు పోనిచ్చే కవాటాలు రెండింటిలోనూ ఉంటాయి. పిడిని పైకి లాగినప్పుడు ముషలకం కింది భాగం మరుగుదొడ్డి గిన్నెలోని మురికినీటిని లాక్కుంటుంది. కిందికి నొక్కినప్పుడు దానిని సముద్రంలోకి పోయే గొట్టంలోకి నెడుతుంది. అదే సమయంలో ముషలకం పై భాగం బయటి నుంచి శుభ్రమైన సముద్రపు నీటిని లాగి గిన్నెలో పోస్తుంది. తాగే నీరు చుక్క కూడా ఖర్చు కాదు.

బయటికి పోయే గొట్టం మొదట్లో 'జోకర్ వాల్వు' అనే రబ్బరు కవాటం ఉంటుంది. పేరు చూసి నవ్వకండి, పని గొప్పదే. అది బాతు ముక్కులాగా ఉండి, కొసన పెదవుల వంటి చీలిక కలిగి ఉంటుంది. లోపలి నుంచి నెడితే పెదవులు విచ్చుకుంటాయి. బయటి నుంచి నీరు వెనక్కు వస్తే ఆ నీటి ఒత్తిడికే పెదవులు కలిసిపోతాయి. మీ గుండెలోని నాలుగు కవాటాలు చేసే పనీ ఇదే.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, నీరు వచ్చే రంధ్రం పడవ అడుగున నీటిమట్టానికి కిందనే ఉండాలి. పైన ఉంటే పడవ ఊగినప్పుడల్లా పంపు గాలిని పీలుస్తుంది. మురికినీరు పోయే రంధ్రం కూడా చాలా పడవలలో కిందనే ఉంటుంది. అంటే మనమే పడవకు రెండు చిల్లులు పెట్టుకున్నామన్నమాట.

ఆ చిల్లి ఎంత ప్రమాదమో లెక్క వేద్దాం. మురికినీటి గొట్టం వ్యాసం 38 మి.మీ. అనుకోండి. రంధ్రం నీటిమట్టానికి 30 సెం.మీ. కింద ఉంది. టారిసెల్లి సూత్రం ప్రకారం నీటి వేగం 2 × 9.8 × 0.3 కు వర్గమూలం, అంటే సెకనుకు సుమారు 2.4 మీటర్లు. రంధ్రం వైశాల్యం 11.3 చదరపు సెం.మీ. ఈ రెండింటినీ గుణిస్తే సెకనుకు 2.7 లీటర్లు వస్తుంది. రంధ్రం అంచు దగ్గర ధార సన్నబడుతుంది కనుక నిజానికి అందులో సుమారు 60 శాతమే అనుకుందాం. అయినా నిమిషానికి 100 లీటర్లు! అంటే ప్రతి నిమిషమూ పది బకెట్లు. గంటలో 6 టన్నులు. ఒక మనిషి బకెట్‌తో ఎంతసేపు తోడగలడు?

ప్రాణం కాపాడే గాలి రంధ్రం

గొట్టం తెగకపోయినా ప్రమాదం రావచ్చు. గిన్నె అంచు నీటిమట్టానికి కిందుగా ఉందనుకోండి. పంపు వాషరు అరిగింది, జోకర్ వాల్వు పెదవులు కలవడం లేదు. అప్పుడు సముద్రం తనంతట తానే మెల్లగా గిన్నెలోకి వచ్చి, గిన్నె నిండి, పడవలోకి పొర్లుతుంది. అంతా నిద్రపోతుంటే తెల్లవారేసరికి పడవ నిండా నీళ్ళే. "మా గిన్నె నీటిమట్టానికి పైనే ఉందిగా" అని ధీమా పడడానికీ లేదు. తెరచాప పడవ గాలికి ఒక పక్కకు ఒరుగుతుంది. రేవులో పైనున్న గిన్నె, ఒరిగిన పక్కన ఉంటే, నడిసముద్రంలో కిందికి పోతుంది.

దీనికి మందుగా గొట్టాన్ని నీటిమట్టానికి బాగా పైకి, పడవ ఒరిగినా మునగనంత ఎత్తుకు లేపి, వంపు తిప్పి మళ్ళీ కిందికి దింపుతారు. అయితే ఒక్క వంపుతో పని జరగదు. గొట్టం నిండా నీరుంటే అది సైఫన్‌గా మారి కొండెక్కి మరీ దిగుతుంది. కనుక ఆ వంపు శిఖరాన ఒక చిన్న గాలి రంధ్రం పెడతారు. సైఫన్ శిఖరంలో పీడనం బయటి వాతావరణ పీడనం కన్న తక్కువ. అందుచేత రంధ్రం గుండా గాలి లోపలికి వస్తుంది, నీటి తీగ రెండుగా తెగుతుంది, ప్రవాహం ఆగుతుంది.

దీనిని మీరే చేసి చూడవచ్చు. ఒక బకెట్ నీళ్ళు స్టూలు మీద పెట్టండి. పారదర్శకమైన సన్నని ప్లాస్టిక్ గొట్టాన్ని నీటితో నింపి, ఒక కొస బకెట్‌లో ముంచి, రెండో కొసను నేల మీది గిన్నెలోకి వదలండి. నీరు పారుతూ ఉండగా, బకెట్ అంచు మీద వంపు తిరిగిన చోట లావుపాటి సూదితో గుచ్చండి. నీరు బయటికి చిమ్ముతుందనుకుంటారు. చిమ్మదు! గాలి బుడగలు లోపలికి పోతాయి. బెజ్జం కాస్త పెద్దది చేస్తే ధార తెగిపోతుంది. గుచ్చేది బకెట్‌లోని నీటిమట్టానికి పైనే సుమా. కింద గుచ్చితే ఏమవుతుందో కూడా చూడండి.

పడవలో ఆ రంధ్రానికి చిన్న రబ్బరు రెక్క అమర్చుతారు. పంపు కొట్టేటప్పుడు గొట్టంలో ఒత్తిడి పెరిగి రెక్క మూసుకుంటుంది, లేకపోతే మురికినీరు గదిలోకి చిమ్ముతుంది. కాలం గడిచేకొద్దీ ఆ రెక్క మీద ఉప్పు పేరుకుంటుంది. పేరుకుని అతుక్కుపోయిందంటే రంధ్రం లేనట్టే. దానిని విప్పి మంచినీటితో కడగడానికి అయిదు నిమిషాలు చాలు. పడవ మరుగుదొడ్డి పనులలో ఇంత తేలికైనదీ ఇంత తరచుగా మరచిపోయేదీ మరొకటి లేదని నా అభిప్రాయం.

మరుగుదొడ్డి ఒక నౌకనే ముంచిన ఉదంతం చరిత్రలో ఉంది. అది తెరచాప పడవ కాదు, రెండవ ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ జలాంతర్గామి యు-1206. 1945 ఏప్రిల్ 14న స్కాట్లండు తీరాన పీటర్‌హెడ్ సమీపంలో నీటి అడుగున ఉండగా, మరమ్మతులో ఉన్న మరుగుదొడ్డి గొట్టం దగ్గర సముద్రం లోపలికి దూసుకువచ్చిందని దాని కెప్టెన్ నివేదిక. ఉప్పునీరు బ్యాటరీలకు తగిలి విషపూరితమైన క్లోరిన్ వాయువు పుట్టింది. ఊపిరాడక పైకి తేలితే శత్రు విమానాలు చూశాయి. చివరకు సిబ్బందే నౌకను వదిలి ముంచవలసి వచ్చింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు, మిగిలినవారు బందీలయ్యారు.

గొట్టంలో రాయి

జోకర్ వాల్వు ఎందుకు పాడవుతుంది? కారణం సముద్రంలోనూ ఉంది, మనలోనూ ఉంది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం, దానికి మూడు రెట్లకు పైగా మెగ్నీషియం ఉంటాయి. మూత్రంలోని యూరియాను బాక్టీరియాలు అమ్మోనియాగా, కార్బొనేటుగా విడగొడతాయి. నీరు క్షారగుణం పొందుతుంది. అప్పుడు కాల్షియం కార్బొనేటు, మెగ్నీషియం ఫాస్ఫేటు లవణాలు కరిగి ఉండలేక గొట్టం గోడలకు గట్టిగా అంటుకుంటాయి. మీ ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా కట్టే పొరకు ఇది దగ్గరి చుట్టం. రబ్బరు పెదవుల మీద ఆ రాతిపొర కట్టగానే అవి బిగుసుకుపోయి కలవడం మానేస్తాయి. దీని గుర్తు ఏమిటంటే, పంపు కొట్టడం ఆపిన కొద్దిసేపటికి మురికినీరు మళ్ళీ గిన్నెలోకి వస్తుంది.

రాకుండా చూసుకోవడం సులువు. మూడు మీటర్ల గొట్టంలో, ఇందాకటి వైశాల్యం ప్రకారం, 3.4 లీటర్ల నీరు నిలుస్తుంది. పిడిని ఒకసారి కొడితే పావు లీటరు కదులుతుందనుకుంటే 14 సార్లు కొడితేగాని మురికి సముద్రం చేరదు. బద్ధకించి ఆరుసార్లు కొట్టి వెళ్ళిపోయేవాడే రాతిని పెంచేవాడు. పొర కట్టిన తరువాతైతే వెనిగరు పోసి ఒక రాత్రి ఉంచుతారు. కోడిగుడ్డు పెంకును వెనిగరులో వేసినప్పుడు బుడగలు వస్తాయి చూడండి, అదే చర్య. కాని ఆమ్లాన్నీ బ్లీచింగు పౌడరునూ ఎన్నడూ కలపకూడదు. యు-1206 లో పుట్టిన వాయువే పుడుతుంది.

ఇంకొక సంగతి. కొన్నాళ్ళు వాడకుండా ఉంచిన పడవలో మొదటిసారి పంపు కొట్టగానే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. అందరూ మరుగుదొడ్డిని తిడతారు. నిజానికి తప్పు శుభ్రమైన నీరు వచ్చే గొట్టానిది! అందులో నిలిచిన సముద్రపు నీటిలోని సూక్ష్మజీవులు చచ్చి కుళ్ళి, ప్రాణవాయువు అయిపోతుంది. అప్పుడు కొన్ని బాక్టీరియాలు నీటిలోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. పడవ వదలి వెళ్ళేముందు ఆ గొట్టాన్ని మంచినీటితో నింపితే వాసన ఉండదు.

నీటి మీద ఉండగానే విప్పడం

ఇక మరమ్మతు. ప్రతి రంధ్రం దగ్గరా 'సీకాక్' అనే కుళాయి ఉంటుంది. పిడి గొట్టం వెంబడి ఉంటే తెరచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. దీనిని కంచుతో చేస్తారు. మామూలు ఇత్తడి పనికిరాదు. ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమం కదా! సముద్రపు నీటిలో జింకు మెల్లగా కరిగిపోయి, గులాబిరంగు తిరిగిన పెళుసు రాగి మిగులుతుంది. తన్నితే విరుగుతుంది. నెలకొకసారైనా పిడిని తిప్పుతూ ఉండకపోతే కుళాయి పట్టేస్తుంది. దాని పక్కనే మెత్తని కర్రతో చేసిన శంకువు ఆకారపు బిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచుతారు. కుళాయే విరిగితే ఆ బిరడాను కొట్టి బిగించడమే దారి. కుళాయిని మార్చడం మాత్రం పడవను ఒడ్డుకెక్కించి చేయవలసిన పని. నీటి మీద చేయగలిగినది కుళాయికి ఇవతలి వైపు ఉన్న పనే.

రెండు కుళాయిలూ మూసి, పంపు మీద ఎవరూ చేయి వేయకుండా కాగితం కట్టాలి. కింద బకెట్, గుడ్డపీలికలు సిద్ధంగా ఉంచాలి. తరువాత గొట్టాన్ని పట్టి ఉంచిన క్లిప్పు మరను కొద్దిగా, కొద్దిగానే, వదులు చేసి ఆగాలి. గొట్టంలో నిలిచిన నీరు కారి ఆగిపోతే కుళాయి నిజంగా మూసుకున్నట్టే. ఆగకుండా కారుతూనే ఉంటే పిడి అడ్డంగా ఉన్నా కుళాయి మోసం చేస్తోందన్నమాట. వెంటనే మర బిగించి పని మానుకోవాలి. ఊరికే గొట్టం పీకేసి, ధార చూశాక బిరడా వెతుక్కునేవారూ ఉంటారు. వారికి నిమిషానికి 100 లీటర్ల లెక్క తెలియదు.

నీరు ఆగాక పంపు విప్పి, అరిగిన వాషరు, బిగుసుకున్న జోకర్ వాల్వు తీసి కొత్తవి వేస్తారు. పెదవులు ఏ దిక్కున ఉండాలో రెండుసార్లు చూసుకోవాలి, తిరగేసి పెడితే మురికి బయటికే పోదు. రబ్బరుకు కొంచెం సిలికాన్ గ్రీజు రాస్తారు. కొన్ని రకాల రబ్బరును పెట్రోలియం గ్రీజు ఉబ్బిస్తుంది. ప్రతి అతుకుకూ రెండేసి క్లిప్పులు బిగిస్తారు, ఒకటి తుప్పుపట్టినా రెండోది పట్టి ఉంచుతుంది.

ఆ తరువాత కుళాయిని మెల్లగా తెరచి, ప్రతి అతుకు చుట్టూ పొడి కాగితం ముక్క చుట్టి, ఒక గంట వేరే పని చూసుకోవాలి. కంటికి కనిపించని చెమ్మ కూడా కాగితం మీద మచ్చగా తేలుతుంది. మచ్చ ఉంటే మర మరొక చుట్టు. లేకపోతే చేతులు కడుక్కుని భోజనానికి వెళ్ళవచ్చు, వెళ్ళేముందు కుళాయిలు మూసి.