కవర్ ఫొటో ఒక్కటే చాలదు

ప్రశ్న: సొంత ఖర్చుతో కోనసీమ కథల పుస్తకం వేశాను. ఏఐని అడిగితే అలాంటి పుస్తకమే లేదంటోంది. ఏం చెయ్యాలండీ?
– ఒక రచయిత్రి, అమలాపురం

జవాబు: ఏఐ ఎక్కువగా ఆన్‌లైన్‌లో ఉన్న రాతల నుంచే నేర్చుకుంటుంది. మీ పుస్తకం యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో కంపోజ్ అయి ఉంటే, అచ్చులో ముచ్చటగా కనిపించే ఆ అక్షరాలు కంప్యూటర్‌కు తెలుగుగా అందవు. ముందు యూనికోడ్‌లోకి మార్పించి, తప్పులు దిద్దుకోండి. పుస్తకం పేరు, మీ పేరు, సంవత్సరం, వెల, దొరికే చోటు, ఒక పూర్తి కథ ఆన్‌లైన్‌లో, ఫొటోగా కాక అక్షరాల్లోనే పెట్టండి. మీ పేరు తెలుగులోనూ ఇంగ్లిషులోనూ అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. మలిముద్రణకు రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇచ్చే ఐఎస్‌బీఎన్ తీసుకోండి. ఒక ప్రతి రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి ఇవ్వండి. చదివినవారిని నాలుగు మాటలు ఆన్‌లైన్‌లో రాయమని అడగండి. నలుగురి రాతల్లోకి ఎక్కిన పుస్తకమే ఏఐ కంటా పడుతుంది.