జొన్న గింజలతో సలాడ్

ప్రశ్న: జొన్నలను గింజలుగానే ఉడికించి సలాడ్ చేద్దామంటే పలుకుగానే ఉండిపోతున్నాయి. ఏం చేయాలి?

జవాబు: జొన్న గింజ పైపొర గట్టిది. పీచు ఎక్కువగా ఉండేదీ అందులోనే. అందుకే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు వంపేయండి. కప్పు జొన్నలకు 3 కప్పుల నీళ్లు పోసి కుక్కర్లో 5, 6 విజిళ్లు రానిచ్చి, సన్నని సెగ మీద మరో 10 నిమిషాలు ఉంచండి. వేళ్ల మధ్య నొక్కితే గింజ మెత్తగా నలగాలి. నీళ్లు వార్చి, పళ్లెంలో పలుచగా పరిచి ఆరబెడితే ముద్దకట్టవు. కీరదోస, ఉల్లి, టమాటా ముక్కలు, వేయించిన పల్లీలు, కొత్తిమీర కలపండి. ఉప్పు మాత్రం తినబోయే ముందే వేయండి, లేదంటే కీర నీరు వదులుతుంది. నిమ్మరసం మరవకండి, అందులోని విటమిన్ సి వల్ల జొన్నల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.