వడ్డించే చేయి

"కూటి కోసం కోటి విద్యలు" అన్నారు పెద్దలు. ఆ కోటి విద్యలలో వడ్డన కూడా ఒకటి. ఇంటిలో అమ్మ వడ్డిస్తుంది. పెళ్ళిపందిట్లో బంధువులు నడుముకు తువ్వాలు బిగించి, బంతుల మధ్య తిరుగుతూ కొసరి కొసరి వడ్డిస్తారు. ఆ పనిని ఎవరూ చిన్నచూపు చూడరు. పైగా దానిని గౌరవంగా భావిస్తారు. అదే పనిని హోటలులో జీతానికి చేసేవానిని మాత్రం కొందరు "ఏయ్, ఇటు రా!" అని పిలుస్తారు. చేసే పని ఒక్కటే అయినా చూసే చూపులో ఇంత తేడా ఉన్నది. హోటలు సర్వరు జీవితం ఎట్లా గడుస్తుంది? బిల్లు చెల్లించిన తరువాత ప్లేటులో వదిలే చిల్లరకు అర్థం ఏమిటి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఒడిశాలోని గంజాం జిల్లాలో, ఋషికుల్య నది బంగాళాఖాతంలో కలిసే చోటుకు సమీపంలో పొడంపేట అనే ఊరు ఉన్నది. అక్కడివారు తెలుగు మాట్లాడే మత్స్యకారులు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు గంజాం ప్రాంతం మద్రాసు రాజధానిలో భాగంగా ఉండేది. అందువల్ల బరంపురంలోను, ఈ తీరగ్రామాలలోను తెలుగు నేటికీ వినబడుతుంది.

పొడంపేట వారికి సముద్రమే పొలం, వలయే నాగలి. అయితే ఆ సముద్రమే గత రెండు దశాబ్దాలలో ఒడ్డును కోసివేసింది. ఇళ్ళు కూలిపోయాయి. పాత ఊరిని విడిచి కుటుంబాలు లోపలివైపు కట్టిన కాలనీకి తరలిపోయాయి. మరొక సంగతి ఏమిటంటే, ఋషికుల్య ముఖద్వారం దగ్గరి ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుంపులు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి. ఆ సంగతి శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది 1994లో. తాబేళ్ళ రక్షణ కోసం ఏటా నవంబరు 1 నుండి మే 31 వరకు ఆ ముఖద్వారం దగ్గర తీరం నుండి 20 కిలోమీటర్ల లోపల మరబోట్లతో చేపలు పట్టడాన్ని ప్రభుత్వం నిషేధిస్తుంది. తాబేళ్ళు బ్రతకవలసినదే. మరి మనుషులు? వేట సాగని రోజులలో కడుపు నింపుకోవడానికి ఈ తీరంలోని యువకులు రైలెక్కుతారు. బరంపురం స్టేషను హౌరా - చెన్నై మార్గంలో ఉన్నది. ఆ దారిలో కొందరు ఓడరేవులకు, కొందరు ఇళ్ళు కట్టే పనులకు, కొందరు హోటలు పనులకు వెళతారు.

ఇటువంటి ఊరి నుండి ఒక యువకుడు పట్నంలోని ఒక టిఫిను హోటలులో చేరాడని అనుకుందాం. మొదటిరోజే అతనికి బల్ల దగ్గరకు వెళ్ళే అవకాశం రాదు. ముందు క్లీనరుగా బల్లలు తుడవాలి, ఎంగిలి ప్లేట్లు తీయాలి, నీళ్ళ గ్లాసులు నింపాలి. కొన్ని నెలలు గడిచిన తరువాత సర్వరు అవుతాడు. ఊరిలో నేర్చిన తెలుగు, బడిలో నేర్చిన ఒడియా, స్నేహితుల వద్ద నేర్చిన హిందీ అప్పుడు అతనికి పెట్టుబడి అవుతాయి. వచ్చినవారి భాషలో "ఏం కావాలండీ?" అని అడగగలిగిన సర్వరును గల్లా దగ్గర కూర్చున్న యజమాని వదులుకోడు.

చిన్న హోటళ్ళలో తెల్లవారకముందే పని మొదలవుతుంది. పిండి, చట్నీ, సాంబారు సిద్ధం కావాలి. ఆరుగంటలకు మొదటి గిరాకీ వస్తుంది. పది దాటేవరకు ఊపిరి సలపదు. నాలుగు బల్లల మీద పదహారు మంది కూర్చుంటే, ఎవరు ఏమి అడిగారో మనసులోనే రాసుకోవాలి. ఒకరికి ఇడ్లీలో సాంబారు విడిగా కావాలి. ఇంకొకరికి ఉల్లిపాయ లేని ఉప్మా కావాలి. మరొకరికి పంచదార తక్కువగా కాఫీ కావాలి. ఒక చేతి మీద మూడు నాలుగు ప్లేట్లు వరుసగా పేర్చుకొని, తడిగా ఉన్న నేల మీద జారకుండా నడవాలి. మధ్యాహ్నం భోజనాల వేళ మరొక ఉప్పెన. మూడు గంటలకు కొంచెం తెరిపి. సాయంత్రం మళ్ళీ టిఫిన్లు. రాత్రి షట్టరు దించి, బల్లలు కడిగేసరికి చాలా పొద్దుపోతుంది. కొన్ని హోటళ్ళలో పనివారు ఆ బల్లలు పక్కకు జరిపి అక్కడే చాపలు పరుచుకొని పడుకుంటారు. పగలంతా నిలబడి తిరగడం వల్ల మడమలు పీకుతాయి. ఏళ్ళ తరబడి ఈ పని చేసినవారిలో కొందరికి పిక్కల మీది నరాలు ఉబ్బుతాయి. ఇంత చేసినా ముఖం మీద చిరునవ్వు చెరగకూడదు. వంటగదిలో ఆలస్యమైతే తిట్టు తినేది వంటమాస్టరు కాదు, సర్వరే.

ఇక టిప్పు సంగతి. బిల్లు తెచ్చిన ప్లేటులో సోంపు పక్కన గిరాకీ వదిలే చిన్న మొత్తమే టిప్పు. ఇది జీతం కాదు, కూలి కాదు, బిచ్చం అంతకంటె కాదు. మంచిగా చూసుకున్నందుకు సంతోషంతో ఇచ్చే కానుక. టిప్పు జీతం కాదన్న మాట న్యాయస్థానం కూడా చెప్పింది. గిరాకీలు ఇచ్చే టిప్పు యజమాని ఇచ్చే జీతం కిందికి రాదని 2016లో ఒక ఆదాయపు పన్ను వివాదంలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. "నీకు టిప్పులు వస్తున్నాయి కదా, జీతం తక్కువైతేనేమి?" అని యజమాని అనడం న్యాయం కాదు. జీతం ఇవ్వడం యజమాని బాధ్యత. టిప్పు ఇవ్వడం గిరాకీ ఇష్టం. ఒకరి బాధ్యతను మరొకరి ఇష్టం మీదికి నెట్టరాదు. కనీస వేతనాల చట్టం మన దేశంలో 1948లో వచ్చింది. ఇప్పుడు దాని స్థానంలో 2019 నాటి వేతనాల స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. ఏ చట్టమైనా చెప్పే మాట ఒక్కటే. పనిచేసినవానికి నిర్ణయించిన కనీస వేతనం అందాలి.

ఇతర దేశాలలో ఈ ఆచారం ఒక్కొక్క విధంగా ఉన్నది. జపానులో టిప్పు ఇచ్చే అలవాటు లేదు. బల్ల మీద డబ్బు వదిలివస్తే, మరిచిపోయారేమో అని వెంటపడి తెచ్చి ఇస్తారు. ఫ్రాన్సులో సేవకు తగిన మొత్తం పదార్థాల ధరలోనే కలిసి ఉంటుంది. అమెరికాలో కథ వేరు. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం సాధారణ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. కాని టిప్పులు వచ్చే పనివారికి యజమాని చేతి నుండి 2.13 డాలర్లు ఇస్తే సరిపోతుంది. మిగిలినది టిప్పుల ద్వారా రావాలి. రాకపోతే ఆ లోటును యజమాని పూరించాలి. ఈ 2.13 అనే అంకె 1991 నుండి మారలేదు. కొన్ని రాష్ట్రాలు మాత్రం ఇంతకంటె ఎక్కువ ఇవ్వాలని చట్టం చేసుకున్నాయి. టిప్పును జీతంలో భాగం చేస్తే పనివాని బ్రతుకు గిరాకీ మనసు మీద ఎట్లా ఆధారపడుతుందో ఈ ఉదాహరణ చెబుతుంది. బ్రిటనులో టిప్పుల సొమ్మును యజమాని తీసుకోరాదని, న్యాయంగా పనివారికి పంచాలని చేసిన చట్టం 2024 అక్టోబరు 1 నుండి అమలులో ఉన్నది.

మన హోటలు బిల్లును కూడా చదవడం నేర్చుకోవాలి. అందులో మొదటిది పదార్థాల ధర. రెండవది పన్ను; ఇది ప్రభుత్వానికి చేరుతుంది. కొన్ని పెద్ద హోటళ్ళు మూడవదిగా 'సర్వీసు చార్జి' అని వేస్తాయి. ఇది పన్ను కాదు. గిరాకీని అడగకుండా దీనిని బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. అవి సరైనవేనని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న తీర్పు చెప్పింది. బలవంతంగా తీసుకున్నది కానుక కాదు కదా! అయితే సర్వీసు చార్జి ఇవ్వనన్న పట్టుదలతో, మంచిగా వడ్డించిన సర్వరుకు మొండిచేయి చూపడం కూడా ఉచితం కాదు.

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే" అని సామెత. ఇందులో ఒక హెచ్చరిక ఉన్నది. ముందుగానే డబ్బు చేతిలో పెట్టి, "నాకు ముందు తెచ్చిపెట్టు" అనడం టిప్పు కాదు. అది పక్కబల్ల వారి వంతును కొనుక్కోవడం. టిప్పు తిన్న తరువాత ఇచ్చేది. అది ఇవ్వలేని విద్యార్థికి, కూలివానికి కూడా సర్వరు అదే మర్యాదతో వడ్డించాలి. ఇచ్చేవానికి ఇచ్చే గుణం ఎంత ముఖ్యమో, పుచ్చుకొనేవానికి సమదృష్టి అంత ముఖ్యం.

సర్వరు ఒక్కడే మనకు కనబడతాడు. పొగలో నిలబడిన వంటమాస్టరు, గిన్నెలు తోమే మనిషి, బల్ల తుడిచే క్లీనరు కనబడరు. అందుకే కొన్ని హోటళ్ళలో టిప్పులన్నీ ఒక డబ్బాలో వేసి, అందరూ పంచుకుంటారు. ఇప్పుడు మరొక మార్పు వచ్చింది. ఫోనుతో పైసలతో సహా సరిగ్గా బిల్లు చెల్లించడం అలవాటయింది. ప్లేటులో చిల్లర మిగలడం లేదు. ఎవరూ సర్వరు మీద కోపంతో మానలేదు. చిల్లర పోయింది, దానితోపాటు టిప్పూ పోయింది. ఎవరి చెడ్డతనమూ లేకుండానే ఒకరి ఆదాయం ఇట్లా తగ్గిపోవచ్చు. జీతమే సరిగా ఉండాలని అనడానికి ఇంతకంటె మంచి కారణం లేదు.

హోటలులో టీ గ్లాసులు అందించే చేతులు ఒక్కొక్కసారి మరీ చిన్నవిగా ఉంటాయి. 2006 అక్టోబరు 10 నుండి హోటళ్ళలోను, ఇళ్ళలోను 14 ఏళ్ళ లోపు పిల్లలను పనికి పెట్టుకోవడం నేరం. 2016 సవరణ చట్టం 14 ఏళ్ళ లోపు పిల్లలను ఏ వృత్తిలోను పనిలో పెట్టుకోరాదని చెప్పింది. బడి అయిన తరువాత ఇంటివారికి సాయపడడాన్ని మాత్రం కొన్ని షరతులతో అనుమతించింది. అటువంటి పిల్లవానికి టిప్పు ఇచ్చి జాలిపడితే చాలదు. 1098 నంబరుకు ఫోను చేస్తే అతనికి బడి దొరికే అవకాశం ఉంటుంది. వేట లేక, ఇల్లు లేక కష్టపడే కుటుంబంలో పిల్లవాని సంపాదన కూడా అవసరంగా తోచవచ్చు. అటువంటి ఇంటిలో పెద్దవారికి న్యాయమైన కూలి దొరికితేనే పిల్లలు బడిలో నిలుస్తారు.

టిప్పు ఎంత ఇవ్వాలన్నది ఎవరి శక్తిని బట్టి వారికి ఉంటుంది. మర్యాదకు మాత్రం డబ్బు అక్కరలేదు. "అన్నా, కొంచెం నీళ్ళు" అని పిలవడానికి ఖర్చు లేదు. చేతులు కడిగిన నీళ్ళు ప్లేటులో పోయకుండా ఉండడానికి ఖర్చు లేదు. వంట ఆలస్యమైతే తెచ్చినవానిని తిట్టకుండా ఉండడానికి, వెళ్ళేటప్పుడు "బాగున్నది" అని ఒక మాట చెప్పడానికి ఖర్చు లేదు. దూరాన ఏదో పట్నంలో అటువంటి మాట విన్న పొడంపేట యువకుడు, రాత్రి షట్టరు దించిన తరువాత ఇంటికి ఫోను చేసి "పని బాగానే ఉందమ్మా" అని చెబితే, అది నిజమే కావాలి.

ప్రశ్నలు

1. పెళ్ళిపందిట్లో వడ్డించేవారికి, హోటలు సర్వరుకు ప్రజలు ఇచ్చే గౌరవంలో తేడా ఎందుకు ఉన్నదో మీ మాటలలో రాయండి.
2. పొడంపేట వంటి ఊళ్ళ యువకులు ఇతర ప్రాంతాలకు పనికి వెళ్ళడానికి రెండు కారణాలు చెప్పండి.
3. టిప్పు, సర్వీసు చార్జి, పన్ను - ఈ మూడింటికి గల భేదం ఏమిటి?
4. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే" అన్న సామెతలోని మంచిచెడులను చర్చించండి.
5. సొంత వాక్యాలలో ప్రయోగించండి: ఊపిరి సలపదు, మొండిచేయి చూపడం, కొసరి కొసరి, చిన్నచూపు.
6. మీ ఊరిలోని హోటలులో పనిచేసే ఒకరిని గౌరవంగా పలకరించి, వారి దినచర్యను పది వాక్యాలలో రాయండి.