రేగడి నేలలో రేంజరు సైకిలు



మన చెరుకుపల్లిలో డాబా ఎక్కి ఎంత దూరం చూసినా కొండ అనేది కనపడదు. అటు రేపల్లె, ఇటు నిజాంపట్నం, ఎటు పోయినా వరి చేలు, కాలవలు, రొయ్యల చెరువులు. అటువంటి చోట కొండ సైకిలు గురించి పాఠమేమిటని మీరు నవ్వవచ్చును. నవ్వండి. కాని మన షెడ్డులో ఉన్న ఏడు సైకిళ్ళలో నాలుగు ఆ జాతివే. ఇంగ్లీషులో మౌంటెన్ బైక్ అంటారు, మనం రేంజరు సైకిలు అంటాం, గేర్లుంటే గేర్ల సైకిలు అంటాం. లావు టైర్లు, తిన్నగా ఉండే హ్యాండిలు, పొట్టి ఫ్రేము దాని గుర్తులు.

సంక్రాంతి సెలవులకు ఈ ఏడింటి మీద పది మందిమైనా ఇళ్ళకు పోతాం. మా కాలనీ నిజాంపట్నం వైపు కాలవ గట్టు మీద ఉన్నది. వాన పడితే ఆటో తారు రోడ్డు మీదే దింపేసి వెనక్కి పోతుంది. అక్కడి నుంచి బియ్యం మూటైనా, జ్వరం వచ్చిన మనిషైనా సైకిలు మీదనే రావాలి. సైకిలు ఆగిపోతే మా ఇంట్లో చాలా పనులు ఆగిపోతాయి. సరదా కూడా ఉన్నదనుకోండి. ఆదివారం పొద్దున్నే గట్టు మీద తొక్కుతుంటే అన్నం కూడా గుర్తురాదు.

ముందు దీని పుట్టుక గురించి తెలుసుకుందాము. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో మెరిన్ కౌంటీ అనే చోట టామల్పాయిస్ అనే కొండ కలదు. 1970 దశకంలో అక్కడి కుర్రాళ్ళు కొందరు పాత సామాన్లలో దొరికిన 1930, 40ల నాటి ష్విన్ కంపెనీ సైకిళ్ళు తెచ్చుకునేవారు. లావు టైర్లు, మోయలేనంత బరువు. ఒకప్పుడు ఇళ్ళకు పేపర్లు వేసే పిల్లలు తొక్కిన రకం అవి. వాటిని కొండ మీదకు చేర్చి మట్టి దారిలో కిందకు వదిలేవారు. బ్రేకు వెనక హబ్బు లోపలే ఉండేది, పెడలు వెనక్కి తొక్కితే పట్టేది. కొండ దిగేసరికి హబ్బు కాలిపోయి లోపలి గ్రీజంతా పొగై పోయేది. మళ్ళీ విప్పి గ్రీజు కూరితే తప్ప రెండోసారి పనికిరాదు. అలా మళ్ళీ కూరడాన్ని ఇంగ్లీషులో రీప్యాక్ అంటారు. 1976 అక్టోబరు 21న అక్కడ మొదలైన పందేనికి ఆ పేరే పెట్టుకున్నారు. దారి 2 మైళ్ళ చిల్లర, దిగుడు 1300 అడుగులు. ఓవరాయిలింగు పేరుతో జరిగిన పందెం ఇంకొకటి ఉన్నట్టు నేను వినలేదు.

తరువాత వారిలో జో బ్రీజ్ అనే ఆయన 1977లో ఈ పని కోసమే కొత్తగా ఫ్రేము కట్టాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి కంపెనీ పెట్టారు, వారికి ఫ్రేములు టామ్ రిచీ చేసి ఇచ్చేవాడు. 1981లో స్పెషలైజ్డ్ అనే కంపెనీ స్టంప్‌జంపర్ పేరుతో ఫ్యాక్టరీలో తయారుచేసి అమ్మింది. 1996లో అట్లాంటా ఒలింపిక్సులో ఈ సైకిళ్ళకు పోటీ పెట్టారు. తుక్కు సైకిలుతో మొదలైన పని ఇరవై ఏళ్ళలో అక్కడిదాకా పోయినది. కాబట్టి మన షెడ్డు వెనక తుప్పు పట్టి పడి ఉన్న రెండు సైకిళ్ళను ఎవరూ చిన్నచూపు చూడవద్దని నా మనవి.

నా సైకిలు కూడా అటువంటిదే. రేపల్లెలో పాత ఇనప సామాన్ల కొట్టులో రెండు తుక్కు రేంజర్లు కలిపి 900 రూపాయలకు తెచ్చాను. ఒకదానికి ఫ్రేము వంకర, రెండోదానికి చక్రాలు లేవు. రెండూ కలిస్తే ఒకటి. పైన కొత్త సామానుకు ఇంకో 640 అయినది. ఆ డబ్బు మా అమ్మ రొయ్యల చెరువు కాడ కూలికిపోయి ఇచ్చినది. అందుకని ప్రతి సామానుకూ ఇది నిజంగా కావాలా అని రెండు సార్లు ఆలోచించి కొన్నాను.

మొదటి సంగతి టైరు. 26 అంగుళాల టైరు ఇవ్వండి అని షాపులో అడిగితే సరిపోదు. రేంజరు టైరు మీద 26 x 1.95 లేక 26 x 2.10 అని దశాంశంలో రాసి ఉంటుంది. ఆడపిల్లలు తొక్కే కొన్ని సైకిళ్ళ టైరు మీద 26 x 1 3/8 అని భిన్నంలో ఉంటుంది. రెండూ 26 అంగుళాలే అయినా ఒకదాని రిమ్ముకు ఇంకొకటి ఎక్కదు. చాలా టైర్ల పక్కన చిన్న అక్షరాలతో ఇంకో అంకె ఉంటుంది. రేంజరుకైతే 559, 1 3/8 దానికైతే 590. అది రిమ్ము మీద టైరు కూర్చునే చోటు కొలత, మిల్లీమీటర్లలో. ఆ అంకె చూసి కొనండి. ఇంకో తమాషా ఏమిటంటే 1.75, 1 3/4 లెక్కల్లో సమానమే గాని టైర్లలో వేరు వేరు. లెక్కల సారు ఒప్పుకోకపోవచ్చు.

ఇక అసలు కష్టం, రేగడి. కాలిఫోర్నియా వాళ్ళకు రాళ్ళు, దుమ్ము. మనకు బంక మట్టి. వాన పడ్డాక గట్టు మీద నూరు గజాలు తొక్కితే మట్టి టైరుకు చుట్టుకొని, మడ్‌గార్డు లోపల ఇరుక్కొని, బ్రేకుల మధ్య పేరుకొని చక్రమే తిరగదు. లావు టైరైతే బురదలో బాగా పోతుందని అందరూ అనుకుంటారు. ఇసుకలో అది నిజం, నిజాంపట్నం దగ్గర ఇసుక దారిలో లావు టైరు గాలి కొంచెం తగ్గించి తొక్కితే తేలిగ్గా పోతుంది. బంకమట్టిలో మాత్రం టైరుకూ ఫ్రేముకూ మధ్య ఎంత సందు ఉన్నదనేదే లెక్క. నేను 2.10 తీసి 1.95 వేశాను. సన్నది బురదను కోసుకుంటూ పోతుంది, మట్టి రాలిపోను జాగా ఉంటుంది. వానాకాలం మడ్‌గార్డులు రెండూ విప్పేస్తాను. వీపు మీద బురద పడుతుంది, పడనివ్వండి, చొక్కా ఉతుక్కోవచ్చు. హ్యాండిలుకు ఒక వెదురు బద్ద కట్టుకుంటే దిగి మట్టి గీకడానికి బాగుంటుంది. మోకాలి లోతు బురద వచ్చినప్పుడు మాత్రం సైకిలు భుజాన వేసుకోవడమే. ఇది ఏ దేశంలోనైనా అంతే.

గేర్ల సంగతికి మన నిష్పత్తుల పాఠం చాలును. పెడలు ఒక్క చుట్టు తిరిగితే సైకిలు ఎంత దూరం పోతుందో లెక్క కట్టవచ్చు. ముందు చక్రం పళ్ళను వెనక చక్రం పళ్ళతో భాగించి, టైరు చుట్టుకొలతతో గుణించాలి. వాల్వు నేలకు ఆనే చోట గీత గీసి, ఒక చుట్టు నడిపించి, మళ్ళీ ఆనిన చోట గీత గీసి టేపుతో కొలిచాను, 205 సెంటీమీటర్లు వచ్చినది. నా సైకిలుకు ముందు 24, 34, 42 పళ్ళు. వెనక చిన్నదానికి 14, పెద్దదానికి 28. అన్నిటికన్నా తేలిక గేరులో (24, 28) ఒక చుట్టుకు మీటరూ ముప్పావు, అన్నిటికన్నా బరువైన గేరులో (42, 14) ఆరు మీటర్ల పైన. వంట మాస్టారి పెద్ద సైకిలుకు ముందు 44, వెనక 18, అది ఎప్పుడూ దగ్గర దగ్గర 5 మీటర్ల 40.

కొండే లేనప్పుడు మీటరూ ముప్పావు గేరు దేనికి? అందుకని నేను చైనును ముందు వైపు 34 మీదనే ఉంచేశాను. దానితో వెనక ఆరు గేర్లూ వాడుకుంటే రెండున్నర మీటర్ల నుంచి 5 మీటర్ల దాకా వస్తుంది. బియ్యం మూటతో బురదలో రెండున్నర చాలు, తారు రోడ్డు మీద ఐదు చాలు. ముందు గేరు మార్చే మీట, వైరు తీసేశాను. చైనును పక్కకు తోసే ముందరి రేకును మాత్రం తియ్యలేదు. దానిని 34కు సూటిగా బిగించి వదిలేస్తే చైను జారిపోకుండా కాపలా కాస్తుంది. వెనక దానికి రెండు చిన్న స్క్రూలుంటాయి, పక్కన హెచ్, ఎల్ అని ఉంటుంది. ఎల్ అన్నది చైను పుల్లల్లోకి పడకుండా ఆపేది. చైను పుల్లల వైపు దూకుతుంటే దానిని కొంచెం కొంచెంగా లోపలికి బిగించాలి. పావు చుట్టు తిప్పడం, చూడడం, మళ్ళీ పావు చుట్టు. ఇక్కడ తొందర పనికిరాదు.

చైను అందరికన్నా ముందు అరిగిపోయే సామాను. చైను సాగింది అంటారు గాని నిజానికి ఇనుము సాగదు, లోపలి పిన్నులు అరుగుతాయి. ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు అర అంగుళం. కాబట్టి 24 సందులు కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు, అనగా 305 మిల్లీమీటర్లు ఉండాలి. వడ్రంగి టేపుతో చైనును బిగువుగా పట్టి కొలవండి. 306న్నర దాటితే చైను మార్చాలి. 308 వచ్చినదాకా ఊరుకుంటే వెనక పళ్ళు కూడా దాని ప్రకారమే అరిగి ఉంటాయి. అప్పుడు కొత్త చైను వేస్తే పళ్ళ మీద నుంచి జారుతుంది, ఫ్రీవీలు కూడా కొనాలి. ఒకటిన్నర మిల్లీమీటరు దగ్గర మేలుకుంటే ఫ్రీవీలు డబ్బు మిగులుతుంది.

మనకు సముద్రపు ఉప్పు గాలి కూడా ఉన్నది. ఉప్పు నీళ్ళ చెరువుల పక్క నుంచి వచ్చిన చైను రెండు రోజుల్లో ఎర్రబడుతుంది. వచ్చిన రాత్రే పొడి గుడ్డతో తుడిచి, ఒక్కో లింకు మధ్య ఒక్కో చుక్క నూనె వేసి, కాసేపు ఆగి పైనున్న నూనె తుడిచెయ్యాలి. నూనె లోపల ఉండాలి. పైన ఉంటే దుమ్ము పట్టి సానరాయిలా పనిచేస్తుంది. గ్రీజు పూయకండి, దానికీ దుమ్ము అంటుకుంటుంది. కొబ్బరి నూనె అసలే వద్దు, కొన్నాళ్ళకు జిగురవుతుంది. మిషను నూనె మంచిది, కాకపోతే ఇంజను ఆయిలు.

హబ్బులు ఏడాదికి ఒకసారి, బురదలో తిరిగేవాళ్ళు వానలు పోయాక ఒకసారి విప్పాలి. కింద పాత లుంగీ పరచండి, లేకపోతే గోళీలు దొర్లిపోతాయి. మామూలుగా ముందు హబ్బుకు ఒక్కో వైపు 10, వెనక దానికి ఒక్కో వైపు 9 పెద్దవి. విప్పేటప్పుడే లెక్కపెట్టి రాసుకోండి. డీజిలుతో కడిగి, ఆరబెట్టి, కొత్త గ్రీజు పెట్టి, గోళీలు పేర్చి కోను బిగించాలి. ఊగకూడదు, బిగుసుకోకూడదు. చక్రం ఎత్తి పట్టి వదిలితే వాల్వు ఉన్న వైపు బరువుకు అదంతట అదే కిందకు వచ్చి ఆగాలి. అట్లా వస్తే బిగింపు కుదిరినట్టే. పెడలు విప్పేవారు ఒకటి గుర్తుంచుకోండి. ఎడమ పెడలుకు మర ఎదురు. ఊడదీయాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. మామూలు మర అనుకుని బలం చూపితే ఇంకా బిగిసి పానా జారుతుంది, వేళ్ళు చెక్కుకుపోతాయి.

ముందు షాకులు, డిస్కు బ్రేకులు వేయించాలని తొమ్మిదో తరగతి తమ్ముళ్ళు నన్ను అడుగుతున్నారు. నా మాట వింటే వద్దు. తక్కువ ఖరీదు షాకులు అంటే బరువైన స్ప్రింగులు, వాటిలోకి ఉప్పు, బురద పోతే ఏడాది తిరక్కుండా బిగుసుకుంటాయి. డిస్కు మంచిదే గాని ఫ్రేముకు, హబ్బుకు దానికి తగ్గ అమరిక ఉండాలి, మన పాత వాటికి లేదు. ఆ డబ్బులో పదో వంతుతో బ్రేకు రబ్బర్లు, వైర్లు మార్చుకుంటే సైకిలు నిలబడుతుంది. రబ్బరు రిమ్ముకే తగలాలి. టైరుకు తగిలితే పక్క గోడ కోసుకుపోతుంది, ఒక రోజున టైరు పగులుతుంది. రెండు వైపులా రిమ్ముకు ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎడం చాలు. వైరు కొస దగ్గర ఒక్క పోగు తెగినట్టు కనిపించినా మార్చెయ్యండి. మిగతా పోగులు చెప్పి తెగవు.

వార్డెను గారికి ఒక విన్నపము. షెడ్డు వెనక ఉన్న రెండు తుక్కు సైకిళ్ళను మాకు ఇప్పించినచో రెండింటినీ కలిపి ఒకటి చేయగలము. ఒక దాని ఫ్రేము, రెండోదాని వెనక చక్రం బాగానే ఉన్నవి, నేను చూశాను. కావలసినవి చైను, రెండు ట్యూబులు, ముందు చక్రానికి గోళీలు, గ్రీజు డబ్బా, అర లీటరు డీజిలు. రాత్రి పూట ఎవరికైనా ఒంట్లో బాగుండకపోతే సెంటరు దాకా మందులకు పోవడానికి అది హాస్టలు సైకిలుగా ఉంటుంది.

షెడ్డులో ఏడు చైన్లనూ మొన్న ఆదివారం కొలిచాను. మూడు 305 మీదనే ఉన్నవి. రెండు 307 దగ్గర ఉన్నవి, వాటికి సంక్రాంతి లోపల చైను మార్చాలి. రెండు 308 దాటినవి, వాటికి ఫ్రీవీలుతో సహా. ఎవరిది ఎంతో షెడ్డు గోడ మీద సుద్దతో రాశాను. మూడో గది తమ్ముడి ఎర్ర సైకిలుకు ముందు బ్రేకు వైరు రెండు పోగుల మీద ఆగి ఉన్నది. తమ్ముడూ, వైరు నా పెట్టెలో ఉన్నది, శనివారం స్టడీ అవరు అయ్యాక పానా తీసుకుని రా. అప్పటిదాకా రేపల్లె రోడ్డు ఎక్కవద్దు.