వంగే వేళ్లు, నొచ్చే కీళ్లు

ఇంటర్‌లో బొటనవేలు వంచి ముంజేతికి ఆనిస్తే క్లాసంతా ఈలలు వేసేవాళ్లు. బీటెక్‌కి వచ్చాక ల్యాబ్ రికార్డు నాలుగు పేజీలు రాసేసరికి అవే వేళ్లు నొప్పి. మెట్లు దిగితే మోకాళ్లు. "రాయడానికి బద్ధకం, అందుకే సాకులు" అన్నారు ఫ్రెండ్స్. కొన్నాళ్లకి నేనూ అదే నమ్మేశాను.

చివరికి ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్తే ఆవిడ బైటన్ స్కోరు లెక్కపెట్టారు. మొత్తం 9 పాయింట్లు. రెండు చిటికెన వేళ్లు, బొటనవేళ్లు, మోచేతులు, మోకాళ్లు మామూలు కన్నా ఎక్కువ వంగితే ఒక్కోదానికి 1. మోకాళ్లు వంచకుండా అరచేతులు నేలకి ఆనిస్తే ఇంకో 1. పెద్దవాళ్లలో 5 గానీ ఆపైన గానీ వస్తే కీళ్లు వదులని అర్థం. నాకు 7 వచ్చింది. స్కోరు ఎక్కువైనంత మాత్రాన జబ్బు కాదు. చాలామందికి ఏ నొప్పీ ఉండదు.

మన భాషలో చెప్పాలంటే, ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంట్లు వదులైతే ఆ లోడ్ కండరాలు మోయాలి. కాబట్టి కీళ్లని ఇంకా సాగదీయడం కాదు, కండరాలకి బలం పెంచాలి. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి నెమ్మదిగా లేవడం, మోకాలు వెనక్కి వంగిపోకుండా ఒంటికాలి మీద నిలబడటం నాకు నేర్పారు. కీలు ఏ పొజిషన్‌లో ఉందో మెదడుకి తెలియడానికి ఈ రెండోది. రాతకి లావు పెన్ను, మధ్యమధ్యలో బ్రేకులు. ఫలితం నెలల మీద కనిపిస్తుంది, ఒక్క వారంలో కాదు.

ఇప్పుడు ఎవరైనా వేళ్లు వంచి చూపిస్తే ఈల వేయను. "నొప్పి ఉందా?" అని అడుగుతాను. మీరూ అడగండి.